బేస్‌బాల్‌లో హోమ్ రన్ కొట్టాక సంబరం: ఎంతవరకు ఆనందం, ఎక్కడి నుంచి అవమానం?

స్కోర్‌బుక్:
బంతిని మైదానం గోడ దాటించి (హోమ్ రన్ కొట్టి) బ్యాట్‌ని గాల్లోకి ఎగరేసే బ్యాట్ ఫ్లిప్ మాట వచ్చిన ప్రతిసారీ ఇక్కడ సగం మంది "ఆటకి గౌరవం పోయింది" అంటారు, మిగతా సగం "ఆడుకోనివ్వండి" అంటారు. అక్కడితో ఆగిపోతుంది. వివరంగా మాట్లాడుకుందామని విడిగా మొదలుపెడుతున్నా.

ముందు అందరికీ తెలిసిన ఘటన. 2015 అక్టోబర్ 14, టొరంటో. టొరంటో బ్లూ జేస్, టెక్సస్ రేంజర్స్ మధ్య మేజర్ లీగ్ ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ)లో డివిజన్ సిరీస్ 5వ మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్‌ల ఆటలో ఏడో ఇన్నింగ్ ఒక్కటే 53 నిమిషాలు సాగింది. పై సగంలో, అంటే టెక్సస్ బ్యాటింగ్‌లో, టొరంటో క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) రస్సెల్ మార్టిన్ పిచర్‌కి (బంతి వేసేవాడికి) తిరిగి విసిరిన బంతి బ్యాటర్ షిన్-సూ చూ బ్యాట్‌కి తగిలి పక్కకి పోయింది. నాలుగు బేస్‌లు చుట్టి హోమ్ ప్లేట్ తాకితే ఒక పరుగు; మూడో బేస్ మీదున్న రగ్‌నెడ్ ఓడోర్ పరుగెత్తుకొచ్చి టెక్సస్‌ని 3-2కి తీసుకెళ్లాడు. జనం కోపంతో స్టాండ్స్‌లోంచి వస్తువులు విసిరారు. కింది సగంలో, టొరంటో బ్యాటింగ్‌లో, టెక్సస్ ఫీల్డర్లు వరసగా మూడు ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) చేశారు, స్కోరు 3-3 అయింది. అప్పుడు టెక్సస్ పిచర్ శామ్ డైసన్ వేసిన బంతిని టొరంటో ఆటగాడు హోసే బటీస్టా ఎడమ వైపు స్టాండ్స్‌లోకి కొట్టాడు. బేస్‌ల మీదున్న ఇద్దరితో కలిపి 6-3. కదలకుండా నిలబడి చూశాడు, బ్యాట్‌ని గాల్లోకి గట్టిగా విసిరేశాడు, అప్పుడు పరుగు మొదలుపెట్టాడు.

నా ప్రశ్నలు ఇవి. రూల్ బుక్ ఏం చెబుతుంది? పిచర్‌కి ఏది నొప్పిస్తుంది? పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలకి ఏం నేర్పాలి? మీకు తెలిసింది కచ్చితంగా రాయండి.

ఫౌల్_పోల్:
నేను చూసేది ఒక్కటే, ఆ సంబరం ఎవరి వైపు తిరిగి ఉంది అని. తన డగౌట్ (జట్టు కూర్చునే చోటు) వైపు తిరిగి అరిచినా, బ్యాట్ పైకి విసిరినా, గుండె మీద కొట్టుకున్నా అది తనవాళ్లతో పంచుకోవడం. అదే పని పిచర్ ముఖంలోకి చూస్తూ చేస్తే అవమానించడం. బ్యాట్ ఎంత ఎత్తు ఎగిరిందన్నది రెండో మాట.

బటీస్టా సంగతే తీసుకోండి. ఆ తర్వాత గొడవ పెరిగింది అతని వల్ల కాదు. తర్వాతి బ్యాటర్ ఎడ్విన్ ఎన్‌కార్నాసియోన్ జనాన్ని శాంతపరచడానికి చేతులెత్తాడు. డైసన్ దాన్ని రెచ్చగొట్టడం అనుకుని అతని దగ్గరికి వెళ్లాడు. రెండు డగౌట్లూ మైదానంలోకి వచ్చేశాయి. సైగ ఒకటి, అర్థం చేసుకున్నది మరొకటి.

ఇంకో కేసు. 2019 జూన్ 9, శాన్ ఫ్రాన్సిస్కో. మొదటి ఇన్నింగ్‌లో శాన్ ఫ్రాన్సిస్కో పిచర్ మ్యాడిసన్ బమ్‌గార్నర్ బంతిని డాడ్జర్స్ ఆటగాడు మ్యాక్స్ మన్సీ కుడి ఫీల్డ్ గోడ దాటించి నేరుగా మైదానం పక్కనున్న నీళ్లలోకి కొట్టాడు. రెండు క్షణాలు చూశాడు. బంతిని చూడకుండా పరుగెత్తమని బమ్‌గార్నర్ అరిచాడు. నేను చూడటం నీకిష్టం లేకపోతే వెళ్లి సముద్రంలోంచి తెచ్చుకో అని మన్సీ జవాబిచ్చాడు. ఆ మ్యాచ్ 1-0తో ముగిసింది, అంటే ఆ దెబ్బే మ్యాచ్ గెలిపించింది. అంత విలువైన దెబ్బని కొట్టినవాడు రెండు క్షణాలు చూసుకుంటే తప్పేంటో నాకు అర్థం కాదు.

అంపైర్_శాస్త్రి:
రూల్ సంగతి చెబుతాను. మేజర్ లీగ్ రూల్ బుక్‌లో బ్యాట్ ఫ్లిప్‌ని నిషేధించే వాక్యం లేదు. బంతిని ఎంతసేపు చూడాలో, ఎన్ని సెకన్లలో తిరిగిరావాలో కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే, బంతి గోడ దాటినా బ్యాటర్ బేస్‌లన్నీ వరసగా, చట్టబద్ధంగా తాకాలి. అప్పుడే అది హోమ్ రన్.

దారికి అడ్డం పడటం మాత్రం రూల్‌లో ఉంది. 2013 సెప్టెంబర్ 25న అట్లాంటాలో మిల్వాకీ ఆటగాడు కార్లోస్ గోమెజ్ మొదటి ఇన్నింగ్‌లో అట్లాంటా పిచర్ పాల్ మహోమ్ బంతిని గోడ దాటించాడు. ఆ సీజన్‌లోనే అంతకు ముందు మహోమ్ బంతి గోమెజ్‌కి తగిలింది, ఆ కోపం అతనికుంది. నిలబడి చూశాడు, దారి పొడుగునా అరుస్తూ వచ్చాడు. క్యాచర్ బ్రయన్ మెకాన్ హోమ్ ప్లేట్‌కి ముందే మూడో బేస్ గీత మీద నిలబడి దారి మూసేశాడు. తోపులాట జరిగింది. గోమెజ్ అసలు ప్లేట్ తాకనేలేదు. అయినా అంపైర్లు పరుగు ఇచ్చారు, ఎందుకంటే అది అబ్‌స్ట్రక్షన్. గోమెజ్‌కి ఒక మ్యాచ్ నిషేధం పడింది. మర్యాద నేర్పాలని బయల్దేరిన క్యాచరే చివరికి రూల్ తప్పాడు.

మరో మాట. పిచర్ కావాలని బ్యాటర్ మీదికి బంతి వేస్తే అది రూల్ 6.02(సి)(9) కింద నేరం. అంపైర్ ఆ పిచర్‌ని బయటికి పంపవచ్చు, మేనేజర్‌ని (జట్టు ప్రధాన కోచ్‌ని) కూడా కలిపి పంపవచ్చు, లేదా రెండు జట్లకీ హెచ్చరిక ఇవ్వవచ్చు. సంబరం రాయని రూల్‌కి సంబంధించినది, దానికి వేసే శిక్ష రాసిన రూల్‌ని తప్పడం. ఈ తేడా ఈ చర్చలో ఎవరూ మర్చిపోవద్దు.

గుంటూరు_గ్లవ్:
శాస్త్రి గారూ, రూల్‌లో లేదు కాబట్టి తప్పు లేదనడం సులువే. పిచర్ పక్కన నిలబడి చూడండి. తను ఒక్క బంతి తప్పు చోట వేశాడు. బ్యాటర్ బేస్‌లన్నీ చుట్టి వచ్చేదాకా, బంతి వేసే ఆ మట్టి గుట్ట మీద కొత్త బంతి చేతిలో పట్టుకుని నిలబడాలి. నాలుగు బేస్‌లు కలిపితే 360 అడుగులు, దాదాపు 110 మీటర్లు. చాలామందికి 20 నుంచి 25 సెకన్లు పడుతుంది. ఆడమ్ రోసాలెస్ లాంటివాడు 16 సెకన్ల దరిదాపుల్లో వచ్చేసేవాడు. డేవిడ్ ఓర్టిజ్ నిదానంగా వచ్చేవాడు. ఆ పది సెకన్ల తేడాలో పిచర్ పరువు ఉంది. 10-1తో గెలుస్తున్న జట్టు ఆటగాడు ఎనిమిదో ఇన్నింగ్‌లో ముప్పై సెకన్లు తీసుకుంటే, తనవాళ్ల వైపు తిరిగి ఉన్నాడనో ఇంకొకటనో చెప్పి సమర్థించలేం. దిశ ఒక్కటే చాలదు ఫౌల్_పోల్ అన్నా. స్కోరు ఎంత, ఏ ఇన్నింగ్, ఏ మ్యాచ్ అన్నవి కూడా చూడాలి.

ఫౌల్_పోల్:
ఒప్పుకుంటున్నా. బటీస్టా కొట్టింది సిరీస్ తేల్చే మ్యాచ్‌లో, సమంగా ఉన్న స్కోరు మీద. సీజన్ మొదట్లో, ఏప్రిల్ నెలలో తొమ్మిది పరుగుల ఆధిక్యంతో అదే చేస్తే నేనూ సమర్థించను.

స్కోర్‌బుక్:
శాస్త్రి గారు బేస్‌లు తాకాలన్నారు కదా, దాని మీద నాలుగు మాటలు. మర్యాద సంగతి పక్కన పెట్టినా, సంబరం వల్లో, చూపు తప్పో పరుగులు పోయిన సందర్భాలు రికార్డుల్లోనే ఉన్నాయి.

1959 మే 26. పిట్స్‌బర్గ్ పిచర్ హార్వీ హాడిక్స్ 12 ఇన్నింగ్‌లు ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వలేదు. 13వ ఇన్నింగ్‌లో మిల్వాకీకి చెందిన జో అడ్కాక్ బంతిని గోడ దాటించాడు. అతని ముందు బేస్ మీదున్న సహచరుడు హ్యాంక్ ఆరన్ గెలిచేశాం అనుకుని దారి వదిలి డగౌట్ వైపు తిరిగాడు. అడ్కాక్ అతన్ని దాటేశాడు. ముందున్న రన్నర్‌ని దాటితే వెనకొచ్చినవాడు ఔట్. హోమ్ రన్ కాస్తా డబుల్ (రెండు బేస్‌ల దెబ్బ) అయింది, స్కోరు 1-0గా నమోదైంది.

1931లో లూ గెహ్రిగ్‌కీ ఇదే జరిగింది. బంతి పట్టేశారనుకుని ముందున్న లిన్ లారీ దారి తప్పాడు, గెహ్రిగ్ అతన్ని దాటాడు. ఆ ఒక్క హోమ్ రన్ పోవడంతో సీజన్ చివర గెహ్రిగ్, బేబ్ రూత్ 46 హోమ్ రన్లతో సమానంగా నిలిచారు. లేకపోతే అగ్రస్థానం గెహ్రిగ్ ఒక్కడిదే.

1999 అక్టోబర్ 17, న్యూయార్క్ మెట్స్, అట్లాంటా. 15వ ఇన్నింగ్, 3-3, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి. రాబిన్ వెంచురా బంతిని గోడ దాటించాడు. మొదటి బేస్ నుంచి బయల్దేరిన టాడ్ ప్రాట్ వెనక్కి తిరిగొచ్చి అతన్ని వాటేసుకున్నాడు. వెంచురా రెండో బేస్ చేరనే లేదు. నాలుగు పరుగుల దెబ్బ సింగిల్‌గా, ఒక్క పరుగుగా నమోదైంది. మ్యాచ్ గెలిచారు కాబట్టి ఎవరూ బాధపడలేదు. కానీ ఒక జట్టు రెండు పరుగులు వెనకబడి ఉండి ఇలా చేసి ఉంటే?

2021 జూన్ 8, పిట్స్‌బర్గ్. డాడ్జర్స్ పిచర్ వాకర్ బ్యూలర్ బంతిని కీబ్రయన్ హేస్ కుడి ఫౌల్ పోల్ (మైదానం హద్దు స్తంభం) పక్కగా గోడ దాటించాడు. బంతి వైపు చూస్తూ మొదటి బేస్ తాకకుండా వెళ్లాడు. డాడ్జర్స్ అప్పీల్ చేశారు, వీడియోలో తేలింది, ఔట్. హేస్ సంబరం కూడా చేసుకోలేదు. కళ్లు బంతి మీద ఉండటమే కారణం. సంబరం చేసుకునేవాడి కళ్లు ఇంకెక్కడెక్కడో ఉంటాయి.

ఓపెనింగ్_డే:
గోడ దాటకుండానే సంబరం చేసుకుంటే ఇంకా నష్టం. 2019 ఆగస్టు 18న అట్లాంటా ఆటగాడు రొనాల్డ్ అకూన్యా కుడి వైపు లోతుగా కొట్టి, అది వెళ్లిపోతుందనుకుని నడిచాడు. బంతి గోడకి తగిలి కిందపడింది. డబుల్ కావలసింది సింగిల్ అయింది. మేనేజర్ బ్రయన్ స్నిట్కర్ అతన్ని మ్యాచ్ మధ్యలోనే కూర్చోబెట్టాడు. అక్టోబర్‌లో ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో మళ్లీ అలాగే గోడకి తగిలిన బంతికి సింగిల్‌తోనే ఆగాడు.

కొరియాలో 2013లో లోటే జట్టు ఆటగాడు జెయొన్ జున్‌వూ తొమ్మిదో ఇన్నింగ్‌లో బ్యాట్ విసిరి, చెయ్యెత్తి తన డగౌట్ వైపు చూపించాడు. బంతి గాలికి ఆగి గోడ ముందు ఎడమ ఫీల్డర్ చేతిలో పడింది.

ఎత్తుగా లేచిన బంతి బ్యాటర్ కంటికి ఎప్పుడూ దూరం వెళ్తున్నట్టే ఉంటుంది. గంటకి 100 మైళ్లకి పైగా వేగంతో, 25 నుంచి 30 డిగ్రీల కోణంలో వెళ్తే చాలా మైదానాల్లో దాటుతుంది. అదే 40 డిగ్రీలు దాటితే అంత గట్టిగా కొట్టినా ఫీల్డర్‌కి అందే అవకాశం ఎక్కువ. గాలి ఎదురైతే చెప్పనక్కర్లేదు. కొట్టిన క్షణంలో బ్యాటర్‌కి తెలిసేది చేతిలో దెబ్బ తగిలిన తీరు మాత్రమే, కోణం కాదు.

లక్ష్మి_ఫ్రిస్కో:
స్కోర్‌బుక్ మూడో ప్రశ్నకి జవాబు. టెక్సస్, న్యూజెర్సీ లీగుల్లో తెలుగువాళ్ల పిల్లలు చాలామంది ఆడుతున్నారు, తల్లిదండ్రులకి కూడా ఇది పనికొస్తుంది.

పిల్లల మైదానంలో బేస్‌ల మధ్య 60 అడుగులు, చుట్టూ 240. పిచర్ 46 అడుగుల దూరంలోనే ఉంటాడు. 30 అంగుళాల బ్యాట్ దాదాపు 20 ఔన్సులు, అంటే 570 గ్రాములు. అది చేతిలోంచి తిరుగుతూ ఎగిరితే క్యాచర్‌కి, అంపైర్‌కి, పక్కనే నిలబడ్డ తర్వాతి బ్యాటర్‌కి తగలొచ్చు. అందుకే ముందు నేర్పాల్సింది సంబరం కాదు, బ్యాట్ వదలడం. కుడిచేతి బ్యాటర్ అయితే స్వింగ్ పూర్తయ్యాక ఎడమ చేత్తో బ్యాట్‌ని మోకాలి ఎత్తు నుంచి ఫౌల్ వైపు కింద వదలాలి. భుజం ఎత్తు దాటి చెయ్యి లేస్తే బ్యాట్ ఎటు పోతుందో పిల్లవాడి అదుపులో ఉండదు.

తర్వాత పరుగు. మొదటి మూడు అడుగులు పూర్తి బలంతో వేయాలి, బంతి ఎంత బాగా తగిలినా సరే. తల వెనక్కి తిప్పకుండా మొదటి బేస్ కోచ్‌ని చూడాలి. కోచ్ చెయ్యి గుండ్రంగా తిప్పేదాకా అది హోమ్ రన్ కాదు. ప్రతి బేస్‌నీ లోపలి మూల మీద పాదంతో తాకాలి, తాకేటప్పుడు కళ్లు బేస్ మీదే ఉండాలి. సాధనలో బేస్ మీద సుద్దపొడి వేసి బూటుకి అంటిందో లేదో చూస్తే ఎవరు దాటేస్తున్నారో రెండు రౌండ్లలో తెలిసిపోతుంది.

రెండో బేస్ దాటాక నవ్వండి, చేతులెత్తండి, డగౌట్ వైపు అరవండి. మూడో బేస్ కోచ్ చెయ్యి తట్టొచ్చు, పట్టుకుని ముందుకి తొయ్యకూడదు. ప్లేట్ దగ్గర జట్టువాళ్లు గుండ్రంగా, కనీసం రెండు అడుగులు వదిలి నిలబడాలి. తాకిన తర్వాతే ముట్టుకోవాలి. పిచర్ వైపు, ఎదుటి డగౌట్ వైపు ఒక్క మాట, ఒక్క చూపు కూడా వద్దు. వద్దన్నప్పుడు కారణం చెప్పాలి. ఆ పిచర్‌కి కూడా పదకొండేళ్లే, వాడి అమ్మానాన్నలూ అదే మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

గుంటూరు_గ్లవ్:
లక్ష్మి గారూ, మీ చివరి రెండు మాటలకి నమస్కారం. ఒక సందేహం. 2025 జులైలో న్యూజెర్సీలో పన్నెండేళ్ల కుర్రాడిని బ్యాట్ ఎగరేశాడని అంపైర్ బయటికి పంపేశాడు, విషయం కోర్టు దాకా వెళ్లింది. దాని మీద మీ అభిప్రాయం?

లక్ష్మి_ఫ్రిస్కో:
లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ)లో మ్యాచ్ నుంచి పంపేస్తే తర్వాతి మ్యాచ్‌కి కూడా నిషేధం దానంతట అదే పడుతుంది. అసలు గొడవ అక్కడే. ఆరో ఇన్నింగ్‌లో కొట్టిన హోమ్ రన్‌కి బ్యాట్ ఎగరేసినందుకు రాష్ట్ర స్థాయి మ్యాచ్ పోగొట్టుకునే పరిస్థితి వచ్చింది. కుటుంబం కోర్టుకి వెళ్తే న్యాయమూర్తి తాత్కాలికంగా ఆడనివ్వమన్నారు. బ్యాట్ ఎగరేసే పిల్లల వీడియోలని లిటిల్ లీగే తన సోషల్ మీడియాలో పెట్టుకుంటూ వచ్చిందన్నది కుటుంబం వాదన.

అంపైర్ భద్రత చూడటం తప్పు కాదు. కానీ ఎవరికీ తగలని, ఎవరి వైపూ విసరని బ్యాట్‌కి మొదట హెచ్చరిక చాలు. హైస్కూల్ రూల్స్‌లో ఈ తేడా స్పష్టంగా ఉంది. అజాగ్రత్తగా బ్యాట్ విసిరితే జట్టుకి హెచ్చరిక, మళ్లీ ఎవరు చేసినా వాళ్లు బయటికి. కావాలని విసిరితే నేరుగా బయటికి. పిల్లల లీగుల్లోనూ ఇలాగే రెండు మెట్లు ఉండాలి.

కర్వ్_బాల్:
ఇక పిచర్ ప్రతీకారం గురించి. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

గంటకి 95 మైళ్లు అంటే 153 కిలోమీటర్లు. బంతి బ్యాటర్‌ని చేరడానికి 0.4 సెకను. తల మీదికి వస్తుందని గుర్తించి తప్పుకోవడానికి అందులో సగం కూడా మిగలదు. 1920 ఆగస్టులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్, పిచర్ కార్ల్ మేస్ వేసిన బంతి తలకి తగిలి మర్నాడు చనిపోయాడు. అది కావాలని వేసిందని ఎవరూ తేల్చలేదు. అసలు విషయం ఏంటంటే పక్కటెముకలకి గురిపెట్టిన బంతి పది అంగుళాలు పైకి వెళ్తే ఏమవుతుందో పిచర్ చేతిలో లేదు.

2018 ఆగస్టు 15న మయామీ పిచర్ హోసే ఉరేన్యా మ్యాచ్ తొలి బంతినే అకూన్యా మోచేతికి కొట్టాడు. 97 మైళ్లకి పైగా వేగం. అకూన్యా తప్పేంటి? వరసగా అయిదు మ్యాచ్‌ల్లో హోమ్ రన్లు కొట్టడం. ఉరేన్యాకి 6 మ్యాచ్‌ల నిషేధం. మ్యాచ్ మొదలుపెట్టే (స్టార్టింగ్) పిచర్ అయిదు రోజులకోసారి వేస్తాడు, అంటే నిజంగా పోయింది అతను వేయాల్సిన ఒక్క మ్యాచే. 2019 ఏప్రిల్ 17న షికాగోలో టిమ్ ఆండర్సన్ తన డగౌట్ వైపు బ్యాట్ విసిరాడని బ్రాడ్ కెల్లర్ తర్వాతి సారి బంతితో కొట్టాడు. కెల్లర్‌కి 5 మ్యాచ్‌ల నిషేధం, నోటి దురుసుకి ఆండర్సన్‌కి 1. ఫౌల్_పోల్ చెప్పిన దిశ పరీక్షలో ఆండర్సన్ పాసయ్యాడు, అయినా దెబ్బ తిన్నాడు.

బటీస్టా కథ కూడా అలాగే ముగిసింది. ఏడు నెలలు ఆగి, 2016 మే 15న టెక్సస్ పిచర్ మాట్ బుష్ ఎనిమిదో ఇన్నింగ్‌లో అతన్ని బంతితో కొట్టాడు. బంతి తగిలిన బ్యాటర్‌కి మొదటి బేస్ దక్కుతుంది. అప్పుడు టెక్సస్ 7-6 ఆధిక్యంలో ఉంది, అంటే స్కోరు సమం చేసే పరుగుని తామే ఉచితంగా బేస్ ఎక్కించారు. బటీస్టా రెండో బేస్‌లోకి మోటుగా జారాడు, ఓడోర్ లేచి బటీస్టా దవడ మీద గుద్దాడు. ఓడోర్‌కి నిషేధం 8 నుంచి 7 మ్యాచ్‌లకి తగ్గింది. ఆ అక్టోబర్‌లో టొరంటో 3-0తో టెక్సస్‌ని ఇంటికి పంపింది. చివరి పరుగు ఓడోర్ తప్పు త్రో వల్లే వచ్చింది. పగ తీర్చుకుని ఏం సాధించారు?

బటీస్టా_అభిమాని:
కర్వ్_బాల్ గారు చెప్పినదానికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ ఉంది. 2019 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) 6వ మ్యాచ్, అక్టోబర్ 29, హ్యూస్టన్. మొదటి ఇన్నింగ్‌లో అలెక్స్ బ్రెగ్‌మన్ హోమ్ రన్ కొట్టి బ్యాట్‌ని మొదటి బేస్ దాకా మోసుకెళ్లాడు. అయిదో ఇన్నింగ్‌లో వాషింగ్టన్ ఆటగాడు హువాన్ సోటో జస్టిన్ వెర్లాండర్ బంతిని కొట్టి అచ్చంగా అలాగే మోసుకెళ్లాడు. ఇద్దరు మేనేజర్లకీ నచ్చలేదు. బ్రెగ్‌మన్ మ్యాచ్ తర్వాత క్షమాపణ చెప్పాడు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. బ్యాట్‌కి బ్యాట్‌తో జవాబు, 7-2తో వాషింగ్టన్ గెలుపు.

అంపైర్_శాస్త్రి:
మంచి ఉదాహరణ. ఇక్కడే ఇంకో రాయని రూల్ కలుస్తుంది. పెద్ద ఆధిక్యం ఉన్నప్పుడు 3-0 కౌంట్‌లో (పిచర్ మూడు బంతులు గురి తప్పి వేశాక) స్వింగ్ చేయకూడదన్నది. 2020 ఆగస్టు 17న ఆర్లింగ్టన్‌లో శాన్ డియెగో 10-3తో ముందుండగా ఫెర్నాండో టాటిస్ జూనియర్ 3-0 బంతికి గ్రాండ్ స్లామ్ (బేస్‌లన్నీ నిండి ఉండగా హోమ్ రన్) కొట్టాడు. కోచ్ వదిలెయ్యమని సైగ చేశాడు, టాటిస్ చూడలేదు. తర్వాత వచ్చిన టెక్సస్ పిచర్ ఇయన్ జిబో, శాన్ డియెగో బ్యాటర్ మానీ మచాడో వీపు వెనక నుంచి పోయేలా బంతి వేశాడు. జిబోకి 3, మేనేజర్ క్రిస్ వుడ్‌వర్డ్‌కి 1 మ్యాచ్ నిషేధం.

మరుసటి ఏడాది మే 17న షికాగో 15-4తో గెలుస్తోంది. మిన్నెసోటా పిచర్లని ఆదా చేసుకోవడానికి విలియన్స్ అస్తుడియో అనే ఫీల్డర్‌ని పంపింది. గంటకి 47 మైళ్ల బంతిని యెర్మిన్ మెర్సిడెస్ 3-0 మీద గోడ దాటించాడు. అతని సొంత మేనేజర్ టోనీ లా రుస్సానే బహిరంగంగా తప్పుపట్టాడు. మర్నాడు టైలర్ డఫీ మెర్సిడెస్ వెనక నుంచి వేసి నిషేధం తెచ్చుకున్నాడు.

ఈ రెండో కేసులో నా మనసు పిచింగ్ జట్టు వైపు లేదు. ఓటమి ఒప్పుకుని ఫీల్డర్‌తో బంతి వేయించిన జట్టుకి బ్యాటర్ ఆగాలని అడిగే హక్కు లేదు.

గుంటూరు_గ్లవ్:
దీంట్లో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను శాస్త్రి గారూ. స్కోరు చూడాలన్నది నేనే, కానీ నేనన్నది సంబరం గురించి. కొట్టడం బ్యాటర్ పని. కొట్టి తలొంచుకుని పరుగెత్తితే ఎంత ఆధిక్యం ఉన్నా తప్పు కాదు.

ఓపెనింగ్_డే:
దేశాన్ని బట్టి కూడా కొలత మారుతుంది. కొరియాలో బ్యాట్ ఫ్లిప్‌ని "ప్పాదొన్" అంటారు, బ్యాట్‌కి వాడుక మాట "ప్పాత్తా", దానికి విసరడం అనే మాట కలిపారు. అక్కడ పిచర్లు దాన్ని పట్టించుకోరు. అదే పిచర్ బంతి బ్యాటర్‌కి తగిలితే టోపీ తీసి తల వంచుతాడు, ముఖ్యంగా బ్యాటర్ వయసులో పెద్దవాడైతే. గౌరవం ఉంది, చూపించే చోటు వేరు. పార్క్ బ్యుంగ్-హో 2016లో అమెరికా వెళ్లేముందు తన ఫ్లిప్ మానుకోవాల్సి వచ్చింది.

జపాన్ హైస్కూల్ టోర్నీ కోషియన్ దీనికి పూర్తిగా ఎదురు. 2023 మార్చి 18న ఒక కుర్రాడు ఎర్రర్ మీద మొదటి బేస్ చేరి మిరియాల మర తిప్పుతున్నట్టు సైగ చేశాడని అంపైర్లు మందలించారు. అప్పుడే జరుగుతున్న వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో జపాన్ జాతీయ జట్టు లార్స్ నూట్‌బార్ తెచ్చిన అదే సైగతో దేశమంతా ఊగుతోంది. ఎదుటివాడి తప్పు మీద సంబరం వద్దన్నది అక్కడి పాత కట్టుబాటు. ఆ ఒక్క మాట మాత్రం మన పిల్లలకి కూడా నేర్పదగ్గదే.

క్రికెట్_నుంచి:
క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. సిక్స్ కొట్టి బ్యాటర్ ఎంతసేపు చూసినా బౌలర్‌కి అభ్యంతరం ఉండదు. 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో నితీష్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ చేసి మోకాలి మీద కూర్చుని, బ్యాట్ నిలబెట్టి దాని మీద హెల్మెట్ పెట్టాడు. ఆస్ట్రేలియా జనం లేచి చప్పట్లు కొట్టారు. మన దగ్గర పట్టుకునేది ఔటైనవాడిని సాగనంపడం. 2024 మార్చిలో హైదరాబాద్ బ్యాటర్ మయాంక్ అగర్వాల్‌కి ముద్దు విసిరినందుకు, అదే మ్యాచ్‌లో మరో తప్పుకి కలిపి కోల్‌కతా బౌలర్ హర్షిత్ రాణాకి ఆ మ్యాచ్ ఫీజులో మొత్తం 60 శాతం కోత పడింది.

తేడా ఏంటంటే, క్రికెట్‌లో ఆ గీత రాసి ఉంది, రిఫరీ కొలిచి జరిమానా వేస్తాడు. బేస్‌బాల్‌లో గీత రాయలేదు కాబట్టి పిచర్ తనే పోలీసు, తనే జడ్జి అయ్యాడు.

కర్వ్_బాల్:
క్రికెట్_నుంచి గారూ, చాలా ఏళ్ల వాదన రెండు వాక్యాల్లో చెప్పేశారు. మేజర్ లీగే 2018 ప్లేఆఫ్స్‌లో కెన్ గ్రిఫీ జూనియర్‌తో ప్రకటన చేయించి పిల్లల్ని ఆడుకోనివ్వమంది. అలా అన్నాక సంబరానికి శిక్షగా వేసే బంతికి నిషేధాలు ఇంకా పెంచాలి.

స్కోర్‌బుక్:
గాయాలు ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. 2010 మే 29న ఏంజెల్స్ ఆటగాడు కెండ్రీస్ మొరాలెస్ మ్యాచ్ గెలిపించే గ్రాండ్ స్లామ్ కొట్టి, గుమిగూడిన జట్టు మధ్య ప్లేట్ మీదికి గెంతాడు. ఎడమ కాలి ఎముక విరిగింది. ఆ సీజన్ మిగతా అంతా, 2011 మొత్తం పోయింది. 2020 అక్టోబర్ 18న కోడీ బెలింజర్ ప్లేఆఫ్ 7వ మ్యాచ్‌లో గెలుపు హోమ్ రన్ కొట్టి కీకే హెర్నాండెజ్‌తో ముంజేతులు ఢీకొట్టాడు, కుడి భుజం జారింది. వరల్డ్ సిరీస్‌లో చేతులు వదిలేసి పాదాలు తట్టుకున్నాడు, నవంబర్‌లో ఆపరేషన్ అయింది.

లక్ష్మి గారు చెప్పిన రెండు అడుగుల జాగా అందుకే కావాలి. గెంతి దిగేవాడికి కింద ప్లేట్ అంచు, పక్కన పది జతల కాళ్లు ఉంటాయి, దిగే చోటు కనబడదు.

లక్ష్మి_ఫ్రిస్కో:
అవును. పిల్లలకి గెంతడం పూర్తిగా వద్దని చెప్పండి, చేతులు తట్టుకోవడం చాలు. తలమీద హెల్మెట్ ఉంది కదా అని దాని మీద గట్టిగా చరిచే అలవాటు కూడా ఆపించాలి. గొలుసులు, కోట్లు, టోపీలు లాంటి సరంజామా డగౌట్ దాటి బయటికి రాకూడదు. కాలేజీ బేస్‌బాల్‌లో కూడా నియమం అదే.

గుంటూరు_గ్లవ్:
శాస్త్రి గారూ, చివరిగా ఒకటి. మ్యాచ్ మొదలయ్యే ముందు ప్లేట్ దగ్గర కోచ్‌లు, అంపైర్లు కలుసుకుంటారు కదా, అప్పుడు ఏమేం అడిగి తేల్చుకోవాలి?

అంపైర్_శాస్త్రి:
మూడు అడగండి. హోమ్ రన్ అయితే ఆటగాళ్లు డగౌట్ దాటి ఎక్కడిదాకా రావచ్చు? కొన్ని లీగుల్లో ప్లేట్ దాకా రానిస్తారు, కొన్నింట్లో డగౌట్ ముందే ఆగాలి. బ్యాట్ కింద వదలడానికి, విసరడానికి తేడా మీరు ఎలా చూస్తారు? మొదటిసారికి హెచ్చరికా, నేరుగా బయటికా? జవాబు రెండు జట్ల కోచ్‌లూ అక్కడే కలిసి వినాలి, తర్వాత పిల్లలకి చెప్పాలి.

ఇంకోటి అందరూ మర్చిపోతారు. ప్లేట్ దగ్గర పడి ఉన్న బ్యాట్‌ని తీసెయ్యాల్సింది తర్వాతి బ్యాటర్. హోమ్ రన్ సందడిలో అతను కూడా చేతులు తట్టడానికి పరుగెత్తుతాడు, బ్యాట్ గీత మీదే ఉండిపోతుంది, తిరిగొచ్చేవాడి పాదం కింద పడుతుంది. ఆ పని ఎవరిదో ముందే పేరు పెట్టి చెప్పండి.